కుంచెతో పెట్టిన మందు

మా వీధిలో ఎవరిని అడిగినా చెబుతారు, పెండ్లాం ఊర్లో లేనప్పుడు చూసి నాగేశ్వర కుక్కకు విషం పెట్టాడని. ఆ నాగేశ్వర నేనే. పెట్టింది విషం కాదు, గోమార్ల మందు. పెట్టింది చంపడానికి కాదు, దాని రక్తం తాగే గోమార్లు పోవడానికి. ఈ రెండు ముక్కలూ నేను అందరికీ చెప్పాను. విన్నవాళ్ళు తలలూపారు. మా వీధిలో తల ఊపడమంటే నమ్మినట్టు కాదు, నువ్వు చెప్పడం అయిపోయిందా అని అడిగినట్టు.

అట్లాగని వీధిని తప్పుపట్టడానికీ లేదు. ఆ కుక్కను ఏదో ఒక రోజు నా చేతులతోనే చంపుతానని మూడేళ్ళుగా చెబుతూ వచ్చింది నేనే. టీ అంగట్లో చెప్పాను, రేషన్ అంగడి దగ్గర చెప్పాను, పక్కింటి సుబ్బలక్ష్మమ్మ పెద్దమ్మకైతే వారానికి రెండుసార్లు చెప్పాను. అంత పట్టుదలగా చెప్పినవాడు ఒక రోజు ఆ పని చేశాడంటే జనం ఎందుకు నమ్మరు?

నేను ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాను. మా నాయన నూలు నేసేవాడు, నేను పట్టుకు మారాను. ఇంట్లో ఒకటే మగ్గం, గుంత మగ్గం. నేలలో గుంత, గుంతలో నా కాళ్ళు, గట్టు మీద నేను. మా ఆవిడ సునంద దారం కండెలు చుడుతుంది, నేను నేస్తాను. పిల్లలు లేరు. ఆ సంగతి మాట్లాడుకోవడం మానేసి చాలా ఏళ్ళయింది.

కుక్కను తెచ్చింది మా బావమరిది పుల్లన్న. చీరలు అమ్మడానికి బెంగళూరు పోయి, వస్తూ వస్తూ ఒక బుట్టలో దీన్ని పెట్టుకొచ్చాడు. అక్కడెవరో ఇల్లు మారుతూ వద్దనుకున్నారట. గోధుమరంగు బొచ్చు, ఉందా లేదా అన్నట్టుండే మూతి, తోక మాత్రం రెండు కుక్కలకు సరిపోయేంత. సునంద దానికి బుట్టి అని పేరు పెట్టింది. చీర ఒంటినిండా చల్లినట్టు వేసే చిన్న పువ్వును మేం బుట్టీ అంటాం. అంత చిన్నదని ఆమె ఉద్దేశం. అంత అందమైనదని కూడా కావచ్చు, నేను అడగలేదు.

వచ్చిన నెలలోనే ఎర్రపట్టు కండె ఒకదాని దారం మింగింది. రెండు రోజుల తర్వాత ఆ దారం వెనకవైపు నుంచి బయటికి రావడం మొదలుపెట్టింది. సునంద ఓపిగ్గా బయటికి తీసి, కడిగి, ఆరేసి, పనికొస్తుందేమో చూడమని నాకు ఇచ్చింది. ఆమె వేళాకోళమాడుతోందో నిజంగానే అడుగుతోందో ఇప్పటికీ నాకు తెలియదు. దీన్ని చంపుతానని మొదటిసారి అన్నది ఆ రోజే.

ఆ తర్వాత అది గుంతలోకి దిగడం నేర్చుకుంది. నేను నేస్తుంటే నా ఎడమ పాదం మీద పడుకునేది. తోసేస్తే మళ్ళీ వచ్చేది. మళ్ళీ తోస్తే మళ్ళీ వచ్చేది. తోయడానికి పట్టే సమయంలో నాలుగు వరసలు నేయవచ్చు కాబట్టి వదిలేశాను. ఎవరైనా అడిగితే ఇదే చెప్పేవాణ్ణి. మూడేళ్ళుగా నేను నేసిన ప్రతి చీరా ఒక కాలు కదపకుండా నేసిందే. నచ్చి ఊరుకున్నానని మాత్రం ఒక్కరికీ చెప్పలేదు. చంపుతానని అంతమందికి చెప్పాక ఆ మాట ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

యాడికిలో సునంద వాళ్ళక్క జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. నాలుగు రోజులు ఉండి వస్తానని సునంద బయలుదేరింది. పోయే ముందు బుట్టి చెవి మడిచి నాకు చూపించింది. చెవి లోపల గోమార్లు, మినుములు పరిచినట్టు.

"నేనొచ్చినాక డాక్టరమ్మ దగ్గరికి తీసకపోతా. అంతవరకూ నువ్వు దాని జోలికి పోవాకు," అంది.

"నాకేం పని? చస్తే చస్తాది," అన్నాను. ఇదీ సుబ్బలక్ష్మమ్మ పెద్దమ్మ విన్నది. ఆమె వినని మాట మా ఇంట్లో లేదు.

మా వైపు వానలు లేక మూడేళ్ళు. గోమార్లకు కరువుతో పనిలేదు. మనుషులకు నీళ్ళు లేకపోయినా వాటికి రక్తం దొరుకుతుంది. సునంద పోయిన రెండో రోజు, మంగళవారం పొద్దున, బుట్టి నా పాదం మీద కుదురుగా పడుకోలేదు. గోక్కుంటుంది, లేస్తుంది, గుంత గోడకు ఒళ్ళు రుద్దుకుంటుంది, మళ్ళీ వచ్చి పడుకుంటుంది, మళ్ళీ గోక్కుంటుంది. కాసేపటికి చెవి వెనక రక్తం కనబడింది. నేను దారం నడిపే నాడె పక్కన పెట్టి పైకి లేచాను. ఇంకా రెండు రోజులు దీన్ని ఇట్లా చూస్తూ కూర్చోవడం నావల్ల కాదనిపించింది.

ఊరి చివర రంగన్నకు ఇటుకల బట్టీ ఉంది. బట్టీకి కాపలాగా దూడలంత కుక్కలు రెండున్నాయి. వాటి మీద ఒక్క గోమారు కనబడదు. అందుకని అతని దగ్గరికే పోయాను.

"గోమార్లకు నువ్వేం మందు వాడతావు రంగన్నా?"

"ఎవరికి?"

"కుక్కకు."

"సునందక్క కుక్కకా? దానికి నువ్వు మందు పెడతావా?" అని రంగన్న పెద్దగా నవ్వాడు. నవ్వుతూనే లోపలికి పోయి, పెట్టెలేని ప్లాస్టిక్ గొట్టం ఒకటి తెచ్చాడు. "నా కుక్కలకు పెట్టేది ఇదే. పెడితే నెల పొడుగునా ఒక్కటి గూడా దగ్గరికి రాదు."

నా కుక్కలకు అన్నాడు. ఆ మాట వినబడింది. దాని వెనక ఏముందో ఆలోచించాలని తోచలేదు.

గొట్టం చిటికెన వేలంత ఉంది. లోపల రెండు చెంచాల మందు కూడా ఉండదు. మీద ఇంగ్లీషు. ఇంగ్లీషులో నాకు అంకెలు మాత్రమే తెలుసు. నలభై అని ఒక అంకె ఉంది. నలభై రోజులు పనిచేస్తుందేమో అనుకున్నాను. రంగన్న నెల అన్నాడు, కంపెనీ వాడు పది రోజులు ఎక్కువ చెప్పుకున్నాడు, వ్యాపారమన్నాక ఆ మాత్రం ఉంటుంది. అంకె పక్కన కుక్క బొమ్మ, బొమ్మలో మెడ మీద రెండు భుజాల మధ్య ఒకే ఒక్క చుక్క. ఒళ్ళంతా గోమార్లుంటే మెడ మీద చుక్కేమిటి? పని తెలియని వాడెవడో గీసిన బొమ్మ అనుకున్నాను.

ఇక్కడ మా నాయన గురించి చెప్పాలి. నూలు నేసే రోజుల్లో పడుగు దారాలను వీధి పొడుగునా సాచి, కుంచెతో గంజి పట్టించేవాళ్ళం. ఒకచోట ఎక్కువైతే దారం బిరుసెక్కి విరుగుతుంది. ఒకచోట తక్కువైతే పీచు లేచి తెగుతుంది. ఎక్కడ చెయ్యి పెట్టినా ఒకే తడి తగలాలి. తగలకపోతే మా నాయన చెయ్యి నా వీపుకు తగిలేది. పద్నాలుగేళ్ళకే ఆ పని నాకు పట్టుబడింది. మా వీధిలో నా అంత సమానంగా గంజి పట్టించేవాడు లేడని మా నాయన నా ముందు ఎప్పుడూ అనలేదు. పరాయివాళ్ళ దగ్గర అన్నాడని విన్నాను.

గంజి కుంచె మూరెడు పొడుగుంటుంది, కుక్కకు పనికిరాదు. మగ్గం దుమ్ము దులిపే చిన్న కుంచెను కడిగి ఆరబెట్టాను. మందును గిన్నెలో పోసుకున్నాను. బుట్టిని గట్టు మీద నిలబెట్టి, బొచ్చును పాయలు పాయలుగా విడదీసి, చర్మానికి తగిలేలా మెడ నుంచి తోకదాకా ఒక వరస, దాని పక్కన ఇంకో వరస, తర్వాత డొక్కలు, కడుపు, నాలుగు కాళ్ళు. వేళ్ళ సందుల్లోకి కుంచె పోలేదు. అగ్గిపుల్లకు దూది చుట్టి, ఒక్కొక్క సందులో పెట్టాను. ఉన్న కాస్త మందూ ఒంటినిండా సరిపోయేలా చూసుకోవడం ఆషామాషీ కాదు. గిన్నెలో చుక్క మిగల్లేదు. నలభై నిమిషాలు పట్టింది. బుట్టి కదలలేదు. "కదలాకు తల్లీ, ఐపోయె, ఐపోయె," అని రెండు మూడుసార్లు అన్నాను. వీధి తలుపు వేసే ఉంది కాబట్టి అన్నాను.

అయ్యాక కాస్త దూరంగా నిలబడి చూసుకున్నాను. పని బాగా వచ్చిందని నాకు గట్టిగా అనిపించింది.

గంటన్నరకు అది తన కాళ్ళు నాకడం మొదలుపెట్టింది. ఆగకుండా నాకింది. తర్వాత నోట్లోంచి నురగ తీగలుగా కారింది. మందు చేదేమో అనుకున్నాను. వాంతి చేసుకుంది. మందు పనిచేస్తోందేమో అనుకున్నాను. ఆ తర్వాత ఈగలు వాలిన ఎద్దు ఒళ్ళు జలదరించినట్టు దాని వీపు చర్మం తనంతట తాను అదరసాగింది. అదురు కాళ్ళలోకి దిగింది. నా వైపు రాబోయి, వెనక కాళ్ళు చెరో పక్కకు జారి, నేల మీద కూలబడింది. కూలబడే నా మొహంలోకి చూసింది, దీనికి నువ్వేమంటావు అన్నట్టు.

నాకు భయం వేసింది. మా నాయన పోయినప్పుడు దుఃఖం వచ్చింది గానీ ఇంత భయం వేయలేదు. బుట్టిని ఎత్తుకుని వీధిలోకి ఉరికాను. ఎందుకు ఉరికానో తెలియదు, వీధిలో డాక్టరెవరూ లేరు. ఉన్నది సుబ్బలక్ష్మమ్మ పెద్దమ్మ.

ఆమె బుట్టిని చూసింది, దాని మూతి నురగ చూసింది, నన్ను చూసింది.

"అన్నంత పని జేసినావు గదప్పా నాగేశా!"

"నేనేం జేసినా పెద్దమ్మా, గోమార్లకు మందు పెట్టినా."

"సునంద ఊర్లో లేని దినం చూసుకోని పెట్టినావా?"

క్షణంలో పదిమంది చేరారు. అందరికీ నేను గతంలో అన్న మాటలు తేదీలతో సహా గుర్తున్నాయి. ఒకాయన రేషన్ అంగడి దగ్గర నేనన్నది నా గొంతుతోనే చెప్పి వినిపించాడు. అంతలో రంగన్న కబురు విని బండి మీద వచ్చి, బండి దిగకుండానే, "నేను పెద్ద కుక్కల మందని చెప్పే ఇచ్చినాప్పా," అని అందరికీ వినబడేలా అబద్ధమాడి, బండి తిప్పుకుని పోయాడు.

నా పరిస్థితి ఏమిటో అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. ఇది చస్తే నేను చంపినట్టే. వీధి ఏమనుకున్నా ఫర్వాలేదు, వీధితో నేను కాపురం చెయ్యను. సునంద నమ్మకపోతే? రోజూ ఆమె ఎదురుగా కూర్చుని, ఆమె పెట్టిన అన్నం ఎట్లా తినాలి? ఆమె ఏమీ అనదు. అనకుండా వడ్డిస్తుంది.

వంటింటి గోడ క్యాలెండరు మీద సునంద చేత్తో రాసిన నంబరు ఉంది, 'బుట్టి డాక్టరమ్మ' అని. ఫోన్ చేశాను. పశువుల డాక్టర్ ప్రశాంతి బత్తలపల్లె దాటాక ఒక పల్లెలో గొర్రెలకు టీకాలు వేయిస్తోంది. ఆమె గొంతుకంటే ముందు గొర్రెల గొంతులు వినబడ్డాయి. జరిగింది చెప్పాను.

"కుక్క బరువెంతన్నా?"

తెలియదన్నాను. తూచి చెప్పమంది. పట్టు తూచే త్రాసు మీద గుడ్డ పరిచి బుట్టిని పడుకోబెట్టాను. వణుకుకు అంకెలు నిలవలేదు, కాసేపు పట్టింది. రెండు కిలోల ఏడువందల నలభై గ్రాములు. పట్టును గ్రాము తేడా లేకుండా తూచుకునేవాణ్ణి, మూడేళ్ళలో దీన్ని ఒక్కసారీ తూచలేదు.

"గొట్టం మీద ఏం రాసుంది?"

"నలభై అని ఉండాది మేడం."

"నలభై కిలోల దాకా ఉండే పెద్ద కుక్కకు పెట్టే మందన్నా అది. నీ కుక్క మూడు కిలోలు గూడా లేదు. ఎంత పెట్టినావు?"

"అంతా పెట్టినా. నలభై రోజులు పనిచేస్తాదేమో అనుకున్నా మేడం."

అవతల గొర్రెల గొంతులు దూరమయ్యాయి, డాక్టరమ్మ పక్కకు వచ్చినట్టుంది.

తర్వాత డాక్టరమ్మ గబగబా చెప్పింది. గోరువెచ్చని నీళ్ళు, గిన్నెలు తోమే సబ్బు. బొచ్చు అంతా కడగాలి, మూడుసార్లు. వేడినీళ్ళు వద్దు, గట్టిగా రుద్దవద్దు, నాకనివ్వవద్దు, నోట్లో ఏమీ పోయవద్దు. కడిగాక పొడిగుడ్డలో చుట్టి, చల్లబడకుండా చూసుకుంటూ వెంటనే తన దగ్గరికి తీసుకురావాలి. "గొట్టం గూడా తీసుకురా అన్నా, మర్చిపోవాకు."

మూడుసార్లు కడగాలంటే నీళ్ళు కావాలి. మా వీధికి నాలుగు రోజులకోసారి కొళాయి వస్తుంది. వచ్చి మూడు రోజులైంది. మా డ్రమ్ములో అడుగున రెండు బిందెల నీళ్ళున్నాయి, మొదటిసారికే అయిపోయాయి. నురగతో ఉన్న కుక్కను పట్టుకుని నేను దిక్కులు చూస్తుంటే, సుబ్బలక్ష్మమ్మ పెద్దమ్మ తనింట్లోంచి బిందె తెచ్చి నా పక్కన దించింది. తర్వాత రెండోది. తర్వాత మూడోది. నన్ను తిడుతూనే తెచ్చింది, తిడుతూనే పోసింది. "పాపిష్టోడా, చెవి కింద కడుగు. కసాయోడా, తోక మర్చిపోయినావు." ఆ రోజు ఆమె స్నానం చేయలేదని తర్వాత తెలిసింది. ఆమె తిట్టిన తిట్లన్నీ ఆ లెక్కలో మాఫీ చేశాను.

రామాంజి ఆటో పిలిచాను. బుట్టిని నా పంచెలో చుట్టి, చొక్కా లోపల రొమ్ముకు ఆనించుకుని కూర్చున్నాను. దాని వణుకు నా ఎముకలకు తగులుతోంది. రామాంజి మంచివాడు, మాట్లాడకుండా మాత్రం ఉండలేడు.

"చచ్చిపోతే యాడ పూడుస్తావన్నా?"

"నువ్వు బండి తోలు."

"తోలుతాండా గదా. మా బామ్మర్దిది ఒకటి ఇట్లే చచ్చిపాయ. అది లారీ కింద పడిందిలే."

బత్తలపల్లె రోడ్డుకు రెండు పక్కలా చేండ్లు. విత్తనం వేసి వాన కోసం చూసి, చూసి, చూడటం మానేసిన చేండ్లు. సగం దూరంలో ఫోన్ మోగింది. సునంద. సుబ్బలక్ష్మమ్మ పెద్దమ్మ అప్పటికే యాడికికి ఫోన్ చేసి, తనకు తెలిసిందంతా చెప్పేసింది. ఆమెకు తెలిసింది ఏమిటో నాకు తెలుసు.

"ఉండాదా?" అంది సునంద.

"ఉండాది. బత్తలపల్లెకు తీసకపోతాండా, డాక్టరమ్మ ఆడ ఉండాది."

"నేనొస్తాండా," అని ఫోన్ పెట్టేసింది. తిట్టలేదు, ఏడవలేదు, ఎందుకు చేశావని అడగలేదు. రామాంజి ఏదో అడిగాడు. నేను వినలేదు.

డాక్టరమ్మ బీడులో ఉంది. చుట్టూ మూడొందల గొర్రెలు, వాటి యజమాని నల్లప్ప, ఒక ప్లాస్టిక్ కుర్చీ. టీకా సూది పక్కన పెట్టి, బుట్టిని జీపు బానెట్ మీద గోనెపట్టా పరిచి పడుకోబెట్టింది. కళ్ళు చూసింది, చిగుళ్ళు చూసింది, గుండె విన్నది. వణుకు తగ్గడానికని ఒక సూది, ఆ తర్వాత ఇంకొకటి వేసింది. సెలైన్ పెట్టాలి. సీసా తగిలించడానికి చుట్టుపక్కల చెట్టు లేదు. నల్లప్ప తన దోటిని, కొమ్మలు లాగి మేకలకు ఆకు కోసే పొడుగు కర్రను, రాళ్ళ మధ్య గుచ్చి నిలబెట్టాడు. దానికి సీసా కట్టారు. అన్ని గొర్రెలూ ఒక కుక్క కోసం టీకాలు ఆపి నిలబడ్డాయి.

"ఎట్ల పెట్టినావో వరసగా చెప్పన్నా, రాసుకోవాల. చిన్న కుక్కలకు ఈ మందులు పడకపోవడం ఇదేం మొదటిది కాదు," అంది డాక్టరమ్మ.

వరసగా చెప్పాను. పాయలు తీయడం, మెడ నుంచి తోకదాకా వరసలు, డొక్కలు, కడుపు. డాక్టరమ్మ రాయడం ఆపింది.

"కుంచెతోనా?"

"అవును మేడం. సమానంగా పట్టాల గదా. వేళ్ళ సందున మాత్రం అగ్గిపుల్లకు దూది చుట్టి పెట్టినా."

నల్లప్ప గొర్రెల మధ్య నుంచి తల తిప్పి చూశాడు. "ముప్పైయేండ్లుగా జీవాలు మేపుతాండా. ఒక్కదానికి గూడా వేళ్ళ సందున మందు పెట్టిన పాపాన పోలేదప్పా," అన్నాడు.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. ఆ మందును పూయక్కర్లేదట. కుక్క నాలుక అందని చోట, మెడ మీద, ఒక్క చుక్క పెడితే చర్మం మీది జిడ్డు పట్టుకుని అదే ఒళ్ళంతా పాకుతుందట. బొమ్మలో చుక్క అందుకేనట. నేను నాలుకకు అందే ప్రతి చోటా పెట్టాను, అదీ పదింతలు. చర్మం నుంచి కొంత, నాకి కొంత లోపలికి పోయింది. ఇంత చిన్న కుక్కలకు బరువుకు తగ్గ మందు పెట్టినా ఒక్కోసారి పడదని, మొదటి రోజంతా కళ్ళు దాని మీదే ఉంచాలని కూడా చెప్పింది.

తనంతట తాను సమానంగా పరుచుకునే గంజిని నా జన్మలో చూడలేదు. ఆ మాటే ఆమెతో అన్నాను. "ఇది గంజి కాదన్నా," అంది.

మిగిలిన టీకాలు వేయడానికి ఆమె పోయింది. నేను బానెట్ పక్కన నిలబడ్డాను. ఎండ మారినప్పుడల్లా నా నీడ బుట్టి మీద పడేలా జరుగుతూ నిలబడ్డాను. రెండున్నరకు కాళ్ళ వణుకు తగ్గింది. మూడున్నరకు వీపు అదరడం ఆగి ఆగి వచ్చింది. నాలుగింటికి తల ఎత్తి, గొర్రెలను చూసి, ఇదంతా నాకెందుకన్నట్టు మళ్ళీ పడుకుంది. నల్లప్ప నాకు రాగిముద్ద పెట్టబోయాడు. తినలేకపోయాను. నాకు ఏడుపు వచ్చింది. నల్లప్ప మర్యాదస్తుడు, గొర్రెల వైపు తిరిగి నిలబడ్డాడు.

సునంద తాడిపత్రి మీదుగా అనంతపురం, అక్కడినుంచి బత్తలపల్లె, మూడు బస్సులు మారి, డాక్టరమ్మను ఫోన్లో దారి అడుగుతూ వచ్చింది. రోడ్డు నుంచి బీడులోకి నడిచి వస్తుంటే దూరం నుంచే నడక పోల్చుకున్నాను. నా దగ్గరికి రాలేదు. నేరుగా బుట్టి దగ్గరికి పోయి, దాని తల మీద చెయ్యి పెట్టింది. తోక ఒకసారి లేచి పడింది.

"బతుకుతాది అక్కా," అంది డాక్టరమ్మ. "రెండు దినాలు కనిపెట్టుకోని ఉండండి. వణుకు మళ్ళా వస్తే ఎప్పుడైనా ఫోన్ చెయ్యండి."

సునంద అప్పుడు నా వైపు తిరిగింది. దారి పొడుగునా ఏడ్చిన మొహం. ఇప్పుడు మాత్రం ఏడవడం లేదు.

"చంపుతా చంపుతా అంటాంటివి. నిజం చెప్పు. కావాలనే పెట్టినావా?"

"లేదు," అన్నాను. ఇంకా చాలా చెప్పాలనుకున్నాను. ఆటోలో మాటలన్నీ పేర్చుకున్నాను. చివరికి, "అది గోక్కుంటాంటే చూల్లేకపోయినా సునందా," అన్నాను. నల్లప్ప విన్నాడు, డాక్టరమ్మ విన్నది, ఆటో దగ్గర రామాంజి విన్నాడు. రేపు వీధంతా వింటుంది.

సునంద నమ్మినట్టు లేదు, నమ్మనట్టూ లేదు.

"ఎట్ల పెట్టినావు?"

"కుంచెతో."

"కుంచెతో ఎట్ల? చూపించు," అని చెయ్యి చాపింది.

ఆమె మణికట్టు కింద నా ఎడమ చెయ్యి ఆనించాను. కుంచె లేదు కాబట్టి కుడిచేతి వేళ్ళ కొసలతో మోచేతి నుంచి మొదలుపెట్టాను. బొచ్చు ఉన్నట్టే పాయ తీశాను. ఒక వరస, దాని పక్కన ఇంకో వరస, ఎక్కడా ఎక్కువ కాకుండా, ఎక్కడా తప్పిపోకుండా మణికట్టు దాకా. చెయ్యి తిప్పి అరచేతి వైపు. తర్వాత వేళ్ళు. బొటనవేలి సందు, చూపుడువేలి సందు, నడిమివేలి సందు.

"వేళ్ళ సందున గూడానా?"

"ఆ. అగ్గిపుల్లకు దూది చుట్టి."

ఆమె తన చేతిని చూడటం లేదు, నన్ను చూస్తోంది. డాక్టరమ్మ రాయడానికేమీ లేకపోయినా రాసుకుంటోంది.

"చంపేటోడు ఇట్ల పెట్టడులే మేడం," అంది సునంద, నా మీంచి కళ్ళు తీయకుండా. గండం గడిచిందనుకున్నాను.

ఆమె మాట ఇంకా అయిపోలేదు. గొంతు తగ్గించి, నాకు మాత్రమే వినబడేలా అంది.

"మనకు పెండ్లయి ముప్పైయేండ్లాయె. ఒక్క దినమన్నా నా చెయ్యి ఇంత మెత్తగా పట్టుకున్నావా?"

ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చిటికెన వేలి సందు ఒకటి మిగిలి ఉంటే, దాన్ని కూడా పూర్తి చేశాను.